‘ప’కి ‘హ’ పెట్టిన పాపం

నిన్న ఆదివారం జరిగింది. చెవులు ఇంకా వేడిగానే ఉన్నాయి కాబట్టి ఇప్పుడే రాసేస్తాను. చల్లారాక రాయబుద్ధి కాదు.

మేం బెంగళూరు వచ్చి పన్నెండేళ్ళయింది. నాకు కన్నడం రాదు. దీనికి సగం కారణం నా బద్ధకం, మిగతా సగం ఈ ఊరి మంచితనం. కూరల బండి దగ్గర నిలబడి మనసులో ఒక కన్నడ వాక్యం కూడబలుక్కుని నోరు తెరిచేలోపే బండాయన “వంకాయలు ఎన్ని కిలోలు సార్?” అని తెలుగులో అడిగేస్తాడు. ఆటోవాడిదీ అదే దయ, కుళాయి బాగుచేసేవాడిదీ అదే దయ. ఇంతమంది ఇంత దయగా ఉంటే మనిషి కొత్త భాష ఎక్కడ నేర్చుకుంటాడు?

ఈ పరిస్థితిలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌వాళ్ళు పార్టీ హాల్లో కన్నడ తరగతి పెట్టారు. ఎనిమిది ఆదివారాలు, మనిషికి 1,500 రూపాయలు. నోట్సు, పెన్ను, టీ అందులోనే. పెన్ను అన్న మాట దయచేసి గుర్తుపెట్టుకోండి. మా ఆవిడ నన్నడక్కుండానే ఇద్దరి పేర్లూ ఇచ్చేసింది. నిజానికి ఆవిడకి తరగతి అవసరమే లేదు. పనమ్మాయితో రోజూ అరగంట పోట్లాడి భాష ఎప్పుడో నేర్చేసుకుంది. నాకు తోడుగా వస్తానంది. ఎందుకొచ్చిందో నిన్న అర్థమైంది.

పాఠం చెప్పేది రిటైరైన హైస్కూలు మాస్టారు. కన్నడంలో మేష్ట్రు అంటారు. మంచివాడే. కానీ మొదటి మూడు ఆదివారాలూ అక్షరాలే దిద్దించాడు. ఇరవై ముగ్గురిలో తొమ్మిది మంది తెలుగువాళ్ళం. మా లిపి, వాళ్ళ లిపి కొన్ని వందల ఏళ్ళ కిందటి దాకా ఒక కుదుట్లోవే. మన తలకట్టు టిక్కు మార్కులా ఉంటుంది, వాళ్ళది అడ్డగీతలా ఉంటుంది. అంతవరకే తేడా పెట్టుకుంటే చాలు, బస్సు బోర్డులు గడగడా చదివేయొచ్చు. అలాంటివాళ్ళం మూడు వారాలు కూర్చుని ‘అ’ అంటే అరస, ‘ఆ’ అంటే ఆనె అని కోరస్ పాడాం. అరస అంటే రాజు, ఆనె అంటే ఏనుగు. పన్నెండేళ్ళలో ఈ రెండింటితో నాకు ఒక్కసారీ పని పడలేదు. మా వీధిలో పార్కింగ్ గురించి దెబ్బలాడ్డానికి ఏం మాట్లాడాలో మాత్రం ఎనిమిది వారాల సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఇంకో బాధ. ఢిల్లీ నుంచి వచ్చిన కుర్రాడొకడు రెండు నిమిషాలు పెనుగులాడి ‘ళ’ అంటే హాలంతా చప్పట్లు. నేను పేజీ మొత్తం ఆగకుండా చదివితే మేష్ట్రు అద్దాలు పైకి తోసుకుని “తెలుగినవరిగె ఎల్లా సులభ” అన్నాడు, తెలుగువాళ్ళకి అంతా సులువేనట. చప్పట్లు లేవు. సులువుగా వస్తే లెక్కలోకి రాదు, సులువుగా రాకపోతే “అదేంటి, మీరు తెలుగువాళ్ళేగా” అంటారు.

నాలుగో వారం నేను “మేడం బంతు” అన్నాను. మనకి మేడం వచ్చింది, బస్సు వచ్చింది, జ్వరం వచ్చింది, అన్నీ ఒకటే ‘వచ్చింది’. కన్నడంలో బంతు అనేది బస్సుకీ జ్వరానికీ మాత్రమే. మేడం అయితే బందరు. ఆ మేడం అసోసియేషన్ సెక్రటరీ. ఈ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

అసలు విషం ఐదో వారం ఎక్కింది. మేష్ట్రు ఆ రోజు మంచి ఊపు మీదున్నాడు. పాత కన్నడంలో చాలా మాటలకు ముందున్న ‘ప’ కాలక్రమంలో ‘హ’ అయిందని, ఆ మార్పు మొదలై వెయ్యేళ్ళయిందని చెప్పి బోర్డు నింపేశాడు. మన పాలు వాళ్ళ హాలు. మన పులి హులి, పంది హంది, పాము హావు, పువ్వు హూవు, పండు హణ్ణు. మన పల్లె వాళ్ళ హళ్ళి. సగం తెలుగువాళ్ళు కాపురముండే మారతహళ్ళి చివర ఉన్నది మన పల్లేనని తెలిసి నాకు ఒళ్ళు జలదరించింది. పల్లు హల్లు అయిందట. అంటే మనం అచ్చులూ హల్లులూ అని బళ్ళో వల్లె వేసినప్పుడల్లా కన్నడిగుడి చెవికి పళ్ళు వినిపిస్తాయన్నమాట. ఆ ఊపులోనే మేష్ట్రు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడి సంగతి ఎత్తాడు. మన కరీంనగర్ దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలో ఒకే బండకి సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ చెక్కించాడాయన. చివర్లో మా తొమ్మిది మంది వైపు తిరిగి నవ్వుతూ అన్నాడు: “మీకేముంది, ‘ప’ తీసి ‘హ’ పెట్టండి, కన్నడం వచ్చేసినట్టే.”

ఆయన ఆ మాట అన్నాడు. నా పక్క సీట్లో ఉన్న నెల్లూరాయన సాక్షి. ఈ నియమం అన్ని మాటలకీ పనిచేయదని గానీ, నిన్నగాక మొన్న ఇంగ్లీషు నుంచి దిగిన మాటల జోలికి అసలు పోదని గానీ ఒక్క ముక్క చెప్పలేదు.

ఇక నిన్న. సంభాషణ పాఠం. ప్రతి ఒక్కరి పక్కనా ఒక కన్నడం మాట్లాడే మనిషిని కూర్చోబెట్టారు. నా వాటాకి ‘ఎ’ బ్లాక్ అజ్జి, అంటే మామ్మగారు, వచ్చింది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి, కాటన్ చీర, చెవికి మిషన్. అసోసియేషన్ మీటింగుల్లో ఆవిడ లేచి నిలబడితే కోశాధికారికి చెమటలు పడతాయి. చేతికి ఒక కాగితం ఇచ్చారు. అందులో మూడు పనులు. ఒకటి, పక్కవారిని ఒక వస్తువు అడగండి. రెండు, ఏ రంగుదైతే ఫర్వాలేదో చెప్పండి. మూడు, పని కాగానే తిరిగి ఇచ్చేస్తానని చెప్పండి.

ఫీజులో పెన్ను కలిపి ఉందన్నారు. ఆరు వారాలైనా ఆ పెన్ను రాలేదు. టీ వచ్చింది, అదీ చల్లగా. కాబట్టి నాకు నిజంగానే పెన్ను కావాలి. పెన్నుని కన్నడంలో ఏమంటారు? పెన్ను అనే అంటారు. అంగట్లో అడిగినా, బ్యాంకులో అడిగినా పెన్నే. కానీ నేను పాఠం శ్రద్ధగా విన్నవాణ్ణి. పండు హణ్ణు అయినప్పుడు పెన్ను ఏమవుతుంది? పరీక్షలో అడిగితే నూటికి నూరు వచ్చే లెక్క.

“అమ్మా, నంగె ఒందు హెన్ను కొడి” అన్నాను. నాకొక హెన్ను ఇవ్వండి అని.

అజ్జి చెవి మిషన్ సర్దుకుని “హెణ్ణా?” అంది.

ఇక్కడొక మాట చెప్పాలి. ‘ణ’ని ‘న’గా పలకడం మనవాళ్ళకి అలవాటే కదా. ఆవిడ గట్టిగా ‘ణ’ పలికేసరికి నా ఉచ్చారణ దిద్దుతోందనుకున్నాను. చిన్నప్పుడు తెలుగు మాస్టారు చెవి మెలిపెట్టి నేర్పిన ‘ణ’ని ముప్పై ఏళ్ళ తర్వాత బయటికి తీసి, నాలుక మడతపెట్టి, హాల్లో వెనకబెంచీ దాకా వినపడేలా “హౌదు, హెణ్ణు! హెణ్ణు!” అన్నాను. హౌదు అంటే అవును.

హెణ్ణు అంటే ఆడపిల్ల. హెణ్ణు కేళోదు అంటే, మనం పిల్లనడగడం అంటామే, అది. అంటే నేను డెబ్బై అయిదేళ్ళ పెద్దావిడ ముందు చేతులు కట్టుకుని కూర్చుని నాకొక పిల్లనివ్వండి అని అడిగాను. తప్పుగా అడిగిన మొదటిసారి క్షమించేయొచ్చు. రెండోసారి స్వచ్ఛమైన ఉచ్చారణతో అడిగాను.

పెద్దావిడ కదా, మంచిగానే అర్థం చేసుకుంది. ఈ వయసువాడు తనకోసం అడగడని గ్రహించి, కాస్త ముందుకు వంగి, సంబంధాలు మాట్లాడేటప్పటి గొంతుతో “యారిగె? మగనిగా?” అంది. ఎవరికి, కొడుక్కా, అని. కన్నడంలో మగ అంటే కొడుకు. నాకది ఆ క్షణాన తెలియదు. నాకు తెలిసిన మగ మన మగే. మగవాళ్ళ పెన్నా, ఆడవాళ్ళ పెన్నా అని అడుగుతోందనుకున్నాను. ఇప్పుడు వాచీల్లో ఉంది, చెప్పుల్లో ఉంది, సబ్బుల్లో కూడా ఉంది. పెన్నుల్లో వచ్చి ఉండకూడదా? మర్యాదగా “హౌదు” అన్నాను.

మా వాడు ఎనిమిదో తరగతి.

అజ్జి ముఖం గంభీరమైంది. ఏదో లెక్క వేస్తున్నట్టు సీలింగు ఫ్యాన్ కేసి చూసింది. నేను మాత్రం కాగితం చూసుకున్నాను. రెండో పని, రంగు. నీలం లేకపోతే నలుపైనా ఫర్వాలేదని చెప్పాలి. కప్పు అంటే నలుపు, ఆ మాట నాకు బాగా వచ్చు. “నీలి ఇల్ల అంద్రె కప్పు ఆద్రూ పర్వాగిల్ల” అన్నాను.

ఇంతకుముందెప్పుడూ ఇంత పొడుగు వాక్యం తప్పు లేకుండా చెప్పలేదు నేను. ఆ సంతోషంలో, హాల్లో మిగతా సంభాషణలన్నీ ఆగిపోయాయని గమనించలేదు. పిల్ల కాస్త నల్లగా ఉన్నా మాకు అభ్యంతరం లేదని ప్రకటించిన ఉదారుడిలా చుట్టూ చూశాను. నెల్లూరాయన నాకేదో సైగ చేస్తున్నాడు. నాకు పెన్ను ఇస్తానంటున్నాడనుకుని “వద్దు, అమ్మగారు ఇస్తారు” అన్నాను.

ఇక మూడో పని. అక్కడైనా ఆగి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ కాగితంలో మూడు ఉన్నాయి. మనకి కాగితంలో ఉన్నది పూర్తిచేసి పేపరు మడిచి ఇచ్చే చదువు పదిహేనేళ్ళు నేర్పారు. పూర్తిచేశాను.

“క్లాస్ ముగిద్మేలె వాపస్ కొడ్తీని.”

క్లాసు అయిపోగానే తిరిగి ఇచ్చేస్తాను.

మొదట నవ్వింది మా ఆవిడ. ఇది నేను మరిచిపోను. కుర్చీ వెనక్కి పడేంత నవ్వు. ఆ తర్వాత కన్నడం వచ్చినవాళ్ళు, ఆ తర్వాత కాస్త వచ్చినవాళ్ళు. ఢిల్లీ కుర్రాడు ఏమైంది ఏమైందని ఇంగ్లీషులో అడిగితే, ఎవరో పుణ్యాత్ముడు మూడు వాక్యాలూ వరసగా, ప్రశ్నకి ప్రశ్న, జవాబుకి జవాబు అనువదించి పెట్టాడు. అప్పుడు ఇంకో విడత. అజ్జి ఒక్కతే నవ్వలేదు. “వాపస్సా?” అంది, నాకేసి చూస్తూ. ఆ ఒక్క మాటలో కోశాధికారి ఎందుకు చెమటలు కక్కుతాడో తెలిసింది.

మేష్ట్రు ఏం చేశాడు? నా తప్పుకి మూలం ఎవరో తెలిసిన ఏకైక మనిషి ఆయన. నాకు వకాల్తా పుచ్చుకుంటాడని చూశాను. ఆయన బోర్డు దగ్గరికెళ్ళి పెన్ను అని ఒక పక్క, హెణ్ణు అని ఇంకో పక్క రాసి మధ్యలో ఎర్రటి ఇంటూ గుర్తు పెట్టి, “తెలుగువాళ్ళు తరచూ చేసే తప్పు” అన్నాడు. తరచూనట! వెయ్యేళ్ళలో ఈ తప్పు చేసిన మొదటి తెలుగువాణ్ణి నేనే అయ్యుంటాను, ఆ ఘనత కూడా జాతి మొత్తానికి పంచేశాడు.

తర్వాత టీ తాగామో లేదో గుర్తులేదు. ఇంటికి ఎలా వచ్చామో కూడా.

ఇల్లు చేరేసరికి మా వాడికి తెలిసిపోయింది. ఇక్కడ 2015లో చట్టం వచ్చాక బళ్ళో కన్నడం తప్పనిసరి అయింది, వాడికి శుభ్రంగా వచ్చు. “నాన్నా, నాకు సమ్మేటివ్ పరీక్షలయ్యాక చూడు” అన్నాడు. వాళ్ళమ్మ మళ్ళీ మొదలుపెట్టింది.

రాత్రి నిద్రపట్టక కంప్యూటరు ముందు కూర్చున్నాను. నాలాంటి వాళ్ళ గురించి పండితులు చాలానే రాశారు. ఒక నియమం నేర్చుకుని, వర్తించని చోట కూడా వాడేయడం రెండో భాష నేర్చుకునే ప్రతివాడూ చేసేదేనట. తప్పు అనేది నేర్చుకోవడం జరుగుతోందనడానికి ఆనవాలు అని 1967లో పిట్ కార్డర్ అనే ఆయన రాశాడు. అటు సొంత భాషా కాకుండా ఇటు కొత్త భాషా కాకుండా నేర్చుకునేవాడి బుర్రలో ఒక మధ్యరకం భాష తయారవుతుందని 1972లో సెలింకర్ దానికో పేరు కూడా పెట్టాడు. చదువుతుంటే ధైర్యం వచ్చింది. కార్డర్ లెక్కన నిన్న హాల్లో అందరికన్నా ఎక్కువ నేర్చుకున్నది నేనే. పడుకున్న ఆవిణ్ణి లేపి చెప్పాను. “ఆ కార్డర్‌గారు ఎప్పుడైనా ఎవర్నైనా పిల్లనడిగి, తిరిగి ఇచ్చేస్తానన్నారా?” అంది. అలాంటిదేమీ కనపడలేదు మరి.

ఇవాళ పొద్దున ఆఫీసుకి బయల్దేరి లిఫ్టు ఎక్కాను. ఏడో అంతస్తులో ఆగింది. అక్కడ ఎవరింట్లోనో భజన ఉందేమో, అజ్జి ఎక్కింది, చేతిలో పూలసజ్జ. నేను ఫోన్ చూస్తున్నట్టు నటించాను. ఫోన్ తలకిందులుగా ఉంది. ఆవిడ కాసేపు చూసి, స్పష్టమైన తెలుగులో, మా గుంటూరు తెలుగుకి ఏమాత్రం తీసిపోని తెలుగులో అంది:

“దొరికిందా బాబూ, పిల్ల?”

నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. నా కారు బేస్‌మెంట్‌లో ఉంది. దిగిపోయాను.