గుమ్మానికి వేపమండ కట్టేవాళ్లం

2022 భోగి రోజు పొద్దున మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. అంతకుముందు రోజు ఇద్దరం ఒకే కారులో, అద్దాలు ఎత్తేసి ఏసీ వేసుకుని, హైదరాబాద్ నుంచి రాజమండ్రి వచ్చాం. "ఒరేయ్, నాకు కోవిడ్ పాజిటివ్‌రా. ఎందుకైనా మంచిది, నువ్వూ చూసుకో" అన్నాడు. నేను పంచె మీదే మెడికల్ షాపుకు పరుగెత్తి టెస్ట్ కిట్ తెచ్చుకున్నాను. ఒకటే గీత. నెగెటివ్. ఆ కిట్‌ను ఇంట్లో అందరికీ పరీక్ష పాసైన మార్కుల కాగితంలా చూపించి, 80 దాటిన అమ్మమ్మ పక్కన మంచం మీద కూర్చుని అరిసెలు తిన్నాను. కనుమ నాటి సాయంత్రానికి గొంతులో గరగర. మళ్లీ చూస్తే రెండు గీతలు. ఇంకో మూడు రోజులకు అమ్మమ్మకు జ్వరం. రెండు డోసుల టీకా పుణ్యమో, ఆమె గట్టి ప్రాణమో, వారానికల్లా లేచి తిరిగింది. ఆ వారం రోజులూ ఆక్సీమీటర్ పట్టుకుని రాత్రిళ్లు కూర్చున్నది మా అమ్మ.

ఇందులో కిట్ తప్పేమీ లేదు. అడగకూడని రోజున నేను దాన్ని అడిగాను. వైరస్ ఒంట్లోకి వచ్చాక గొంతులోనో ముక్కులోనో పరీక్షకు దొరికేంత పెరగడానికి టైం పడుతుంది. 2020లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు అప్పటికున్న సమాచారమంతా కలిపి ఒక లెక్క వేశారు. వైరస్ సోకిన మొదటి రోజు ల్యాబులో చేసే ఆర్టీ పీసీఆర్ పరీక్ష చేస్తే నెగెటివ్ రావడం దాదాపు ఖాయం. లక్షణాలు మొదలైన రోజున కూడా నూటికి 38 మందిలో పరీక్ష తప్పిపోతుంది. ఆ తర్వాత మూడు రోజులకు, అంటే వైరస్ సోకిన ఎనిమిదో రోజున, అది 20కి దిగుతుంది. అంతకంటే మాత్రం తగ్గదు. ఆ లెక్క మొదటి రకం కోవిడ్‌ది. ఒమిక్రాన్ తొందరపడేది, మూడు రోజులకే బయటపడేది. ఇంట్లో చేసుకునే కిట్ అయితే పీసీఆర్ కంటే ఇంకా మొద్దు. మొదటి రోజు నెగెటివ్ వచ్చిందంటే 'ఇంకా తెలియలేదు' అని అర్థం. మనం దాన్ని 'నాకేం లేదు' అని చదువుకుంటాం, పైగా నలుగురికీ చూపిస్తాం.

మా ప్రయాణం జరిగిన అదే వారం, జనవరి 10న, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఒక సూచన ఇచ్చింది. పాజిటివ్ వ్యక్తితో కలిసి తిరిగినవాళ్లు 60 దాటినవాళ్లో, షుగర్, బీపీ, ఊపిరితిత్తులు, కిడ్నీల జబ్బుల్లాంటివి ఉన్నవాళ్లో అయితేనే టెస్టు, మిగతావాళ్లకు అక్కర్లేదని. కేసులు వెల్లువలా వస్తున్నప్పుడు ల్యాబుల మీద భారం తగ్గించాలంటే అలా గీత గీయక తప్పదు. కానీ అది జనంలోకి వెళ్లేసరికి 'అయితే ఏమీ చేయక్కర్లేదు' అయిపోయింది. ఇంకో లోటు కూడా ఉంది. ఆ గీత నా వయసు, నా జబ్బులు చూస్తుంది. నేను ఏ ఇంటికి వెళ్తున్నానో, అక్కడ మంచం మీద ఎవరున్నారో చూడదు. వైరస్ సోకే అవకాశం కలిగాక మొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదేనని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దవాళ్లున్నారా, గర్భిణి ఉందా, నెలల పిల్ల ఉందా, కీమో తీసుకుంటున్నవాళ్లున్నారా? ఉంటే, టెస్టుతో పని లేకుండా ఆ పూట నుంచే వాళ్లకు దూరం జరగాలి.

రోజుల లెక్క జబ్బును బట్టి మారుతుంది. ఫ్లూ అయితే ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. లక్షణాలకు ఒక రోజు ముందు నుంచే అంటించగలం కూడా. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు, ఫ్లూ ఉన్న మనిషి దగ్గర మెలిగిన 48 గంటల లోపు ఒసెల్టామివిర్ అనే ఫ్లూ వైరస్ మందు మొదలుపెడితే జబ్బు రాకుండా ఆపే అవకాశం ఉంది. అది డాక్టర్ చూసి రాయాల్సిన మందు. మనం చేసేది మాత్రం మెడికల్ షాపులో 'జలుబుకి ఏదైనా ఇవ్వండి' అని అడిగి అజిత్రోమైసిన్ తెచ్చుకోవడం. అది బ్యాక్టీరియా మందు, వైరస్‌ను ఏమీ చేయదు. ఆ గందరగోళంలో పనికొచ్చే 48 గంటలూ దాటిపోతాయి.

తట్టు సంగతి ఇంకా కఠినం. టీకా లేనివాళ్లు తట్టు వచ్చిన మనిషి దగ్గర మెలిగితే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకుంటుంది. ఆ మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా వైరస్ గాలిలో ఉంటుంది. అయినా ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. టీకా పడనివాళ్లకు 72 గంటల లోపు వేయిస్తే జబ్బును ఆపొచ్చు, కనీసం తీవ్రత తగ్గించొచ్చు. ఆరు నెలలు నిండని పిల్లలకు, రక్షణ లేని గర్భిణులకు ఆ టీకా వేయరు. వాళ్లకు ఆరు రోజుల లోపు ఇమ్యూనోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) ఇస్తారు. అందుకే తట్టు అనుమానం ఉంటే ఆసుపత్రికి ముందు ఫోన్ చేసి వెళ్లాలి. నేరుగా వెళ్లి టోకెన్ తీసుకుని, పసిపిల్లల తల్లుల మధ్య బెంచీ మీద కూర్చోకూడదు.

72 గంటలు, 48 గంటలు అని ఎన్ని గడువులు చెప్పుకున్నా, అవతలివాడు మనకు చెబితేనే కదా గడియారం మొదలయ్యేది. మా వాడు ఫోన్ చేశాడు కాబట్టి నాకు తెలిసింది, ఆ తెలిసినదాన్ని నేను పాడుచేశాను. చెప్పనివాళ్లే ఎక్కువ. 'పెళ్లికి వెళ్లొచ్చాక నాకు వచ్చింది, కానీ ఎందుకు చెప్పి అందరినీ భయపెట్టడం' అంటారు.

ఒకప్పుడు మన ఊళ్లలో ఈ మొహమాటం లేదు. ఆటలమ్మో తట్టో వస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. వీధిలో వెళ్లేవాళ్లు చూసి లోపలికి వచ్చేవాళ్లు కాదు, ఇంట్లోవాళ్లు శుభకార్యాలకు వెళ్లేవాళ్లు కాదు. అమ్మవారు వచ్చిందనేవాళ్లు, అందులో సిగ్గుపడే మాటే లేదు. వేపమండ జబ్బు తగ్గించలేదు, దాన్ని నమ్ముకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లక పిల్లల ప్రాణాల మీదికి తెచ్చుకున్న ఇళ్లూ ఉన్నాయి. కానీ నోటీసుగా మాత్రం బాగా పనిచేసింది, ఎందుకంటే దాన్ని కట్టింది ఇంటివాళ్లే. 2020లో గుమ్మం మీద స్టిక్కర్ వేరేవాళ్లు వచ్చి అంటించారు. చేతి మీద ముద్ర వేశారు. కాలనీ అంతా ఆ ఇంటిని వేలెత్తి చూపింది. చివరికి ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు, విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రత్యేకంగా ఆదేశం ఉంటే తప్ప ఇళ్ల ముందు అలాంటి పోస్టర్లు అంటించొద్దని చెప్పాల్సి వచ్చింది. మంచిదే. కానీ స్టిక్కర్ పోయినంత తేలిగ్గా దాని భయం పోలేదు. చెబితే వెలి వేస్తారన్న గుబులు ఇప్పటికీ ఉంది.

ఇక దూరంగా ఉండటమంటే అందరికీ విడిగా గది, అటాచ్డ్ బాత్రూమ్ ఉండవు. ఒకే గది ఇంట్లో చేయగలిగింది ఏమిటంటే, పడక వరండాలోకో డాబా మీదికో మార్చడం, కిటికీలు తెరిచి ఏసీ ఆపడం, ఇంట్లో తిరిగేటప్పుడు ఎన్ 95 మాస్కు ముక్కు మీదికి పెట్టుకోవడం, అందరూ ఒకే కంచం చుట్టూ కూర్చోకుండా భోజనం వేళలు మార్చుకోవడం. వీటిలో గాలి ఆడటమే అన్నిటికంటే ముఖ్యం. కోవిడ్ కిట్ రెండో మూడో రోజున ఒకసారి, మళ్లీ రెండు రోజులు ఆగి ఒకసారి వాడితే డబ్బులకు న్యాయం జరుగుతుంది. ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, పసిపిల్ల పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాలి. రోజు కూలికి వెళ్లేవాడికి 'ఐదు రోజులు ఆగు' అని చెప్పడం మాత్రం నాకు నోరు రాదు. ఆగితే కూలి ఎవరిస్తారు? ఆ ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర జవాబు లేనంత కాలం అతను దగ్గు మింగుకుని పనికి వెళ్తాడు. అతన్ని తిట్టే హక్కు సిక్ లీవు ఉన్న మనకు లేదు.

పోయిన వర్షాకాలం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మూడో అంతస్తు ఆవిడ మెసేజ్ పెట్టింది. 'మా బాబుకి ఫ్లూ. నిన్న పార్కులో వాడితో ఆడిన పిల్లల్ని చూసుకోండి. ఈ వారం మేం లిఫ్ట్ వాడం, పాల ప్యాకెట్లు బయటే పెట్టమని చెప్పండి.' మొదట ఓ పది నమస్కారాల బొమ్మలు వచ్చాయి. ఒకాయన ఏ ఆసుపత్రి, ఎంత అయింది అని అడిగాడు. రెండో అంతస్తులో నెలలు నిండిన గర్భిణి ఉంది, ఆమె పెద్దబ్బాయి ఆ పార్కులోనే ఆడాడు. ఆ రాత్రే వాడిని తల్లి గదిలోకి కాకుండా తండ్రితో హాల్లో పడుకోబెట్టి, పొద్దున్నే ఆమె డాక్టర్‌కు ఫోన్ చేశారు. మర్నాడు మధ్యాహ్నం నేను మెట్లు దిగుతుంటే మూడో అంతస్తు గుమ్మం ముందు ఎవరో పెట్టి వెళ్లిన స్టీలు క్యారియర్ కనిపించింది, మూత సందులోంచి మిరియాల చారు వాసన వస్తోంది.