నక్కల్ని ఇళ్ల దాకా రప్పిస్తున్నది మన చెత్తే

విశాఖలో ఎండాడ, మధురవాడ, కొమ్మాది వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకు రాత్రిపూట నక్కల ఊళ వినబడగానే టెన్షన్ మొదలవుతుంది. 'అడవిలోంచి ఊళ్లోకి వచ్చేశాయి, ఫారెస్టు వాళ్లకి చెప్పి పట్టించేయాలి' అంటారు. ఆ భయాన్ని కొట్టిపారేయను, చిన్నపిల్లలున్న ఇల్లు కదా. కానీ లేఅవుట్లు వేయకముందు అక్కడున్నవి జీడితోటలు, సరుగుడు తోపులు, తుప్పలు. నక్కకు దట్టమైన అడవే అక్కర్లేదు. పొలంగట్టు, గెడ్డ (వాగు) ఒడ్డు, ఊరి పొలిమేర దొరికితే చాలు, మనిషిని తప్పించుకుంటూ మనిషి పక్కనే బతికేస్తుంది. అవి రాలేదు, ఉన్నచోటే ఉన్నాయి. మనం వెళ్లి వాటి మధ్య గోడలు కట్టాం.

నక్క పది కిలోలకు అటూఇటూ ఉండే జంతువు. ఎలుకలు, పందికొక్కులు, పీతలు, పురుగులు, రాలిన పళ్లు, చచ్చిన పశువు, దేన్నీ వదలదు. కొండ చుట్టుపక్కల బాటల్లో ఎండి తెల్లబడిన నక్క మలాన్ని పుల్లతో విడదీస్తే ఎలుక వెంట్రుకలు, ఎముక ముక్కలతో పాటు రేగు గింజలు, ఈత గింజలు బయటపడతాయి. ఇలా గింజలు చెట్టుకు దూరంగా వెళ్లి మొలుస్తాయి. చెరుకు, మొక్కజొన్న వేసే రైతుకు నక్క నష్టం చేసే మాట నిజమే. అదే రైతు పొలంలో ఎలుకల్ని తినేదీ అదే.

ఇప్పుడు మన వీధి సంగతికొద్దాం. ఆదివారం నగరంలో చికెన్ అమ్మకం ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. ఆ రాత్రికి ఈకలు, పేగులు, తలలు గోతాల్లో కుక్కి, బండి మీద తెచ్చి, లైట్లు లేని రోడ్డు పక్కనో గెడ్డలోనో పడేసి పోతారు. తెల్లారేసరికి గోతం చిరిగి ఉంటుంది, చుట్టూ కుక్కలుంటాయి. కష్టపడి ఎలుకను పట్టుకునే నక్కకు అక్కడ రోజూ ఉచిత భోజనం. దానికి అలవాటుపడితే మనిషంటే ఉన్న బెరుకు తగ్గిపోతుంది. నక్క ఇంటి గేటు దాకా వచ్చిందంటే, ముందు వెతకాల్సింది ఆ గోతం ఎక్కడ పడుతోందో.

పెద్ద ప్రమాదం కూడా ఆ గోతం దగ్గరే ఉంది. వీధికుక్కలు, నక్కలు ఒకే తిండి దగ్గర కలబడితే రేబిస్, డిస్టెంపర్ (కుక్కజాతి జంతువులకు వచ్చే వైరస్ జబ్బు) ఇటునుంచి అటు పాకుతాయి. పట్టపగలు బెదరకుండా మనిషి మీదికొచ్చే నక్కకు జబ్బు చేసి ఉండొచ్చు. దూరంగా ఉండి అటవీశాఖకు చెప్పాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి వ్యాక్సిన్ వేయించుకోవాలి. ఇందులో కుక్క అయినా నక్క అయినా తేడా లేదు.

సముద్రం వైపు మరో చిక్కుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టే కాలంలో కుక్కలు, నక్కలు ఇసుక తవ్వి ఆ గుడ్లు తినేస్తాయి. గుడ్లను ఏరి హేచరీల్లో కాపాడటానికి ఇదొక కారణం. తాబేలును ప్రేమిస్తూనే నక్కనూ కాపాడమనడం నాకు తేలికేమీ కాదు. అయినా బీచ్‌లో తిండి పారేసి కుక్కల గుంపుల్ని పెంచుతున్న మనల్ని వదిలేసి, నేరమంతా నక్క మీద తోయడం న్యాయం కాదు.

'పట్టుకెళ్లి అడవిలో వదిలేయండి' అన్నది వినడానికే బాగుంటుంది. జంటగా ఒక హద్దు కట్టుకుని బతికే జంతువు అది. కొత్తచోట అప్పటికే ఉన్న నక్కలతో తగువు తప్పదు. ఇక్కడ గోతం పడుతున్నంత కాలం ఆ ఖాళీలోకి ఇంకో జంట వస్తుంది. చంపడమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదృష్టమని నక్కతోక, 'నక్కకొమ్ము' అమ్మడమూ నేరమే. అసలు నక్కకు కొమ్మే ఉండదు, కొన్నవాడు మోసపోయినట్టే.

చేయాల్సిన పని జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) చేతిలోనే ఎక్కువుంది. మాంసం దుకాణాల వ్యర్థాలను ఏ రోజుకారోజు విడిగా సేకరించాలి, రోడ్డు పక్క పడేసేవాళ్లకు గట్టిగా జరిమానా వేయాలి. కొండ అంచు కాలనీల్లో కుక్కలకు టీకాలు, ఆపరేషన్లు ముందుగా జరగాలి. హనుమంతవాక నుంచి మధురవాడ వైపు హైవేకి ఒకపక్క కంబాలకొండ అభయారణ్యం, రెండోపక్క జూ, ఆ వెనక సముద్రతీరం. రాత్రి వాహనాల కింద పడకుండా జంతువులు దాటాలంటే రోడ్డు కింది కల్వర్టులను, గెడ్డలను చెత్తతో, ప్రహరీలతో మూసేయకూడదు.

ప్లాట్లు చదును చేయించేవాళ్లకూ ఒక మాట. తుప్పల కింద బొరియలో నక్కపిల్లలు కనబడితే చేత్తో ముట్టుకోవద్దు, ఫోటోల కోసం జనాన్ని పోగేయొద్దు. ప్రొక్లెయినర్ ఆపించి అటవీశాఖకు కబురు చేయండి. చుట్టూ మనుషుల సందడి లేకపోతే తల్లి ఆ రాత్రికే ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని వేరేచోటికి మార్చేసుకోగలదు.