కుడివైపు పై గడి మాహాత్మ్యం

కంపెనీ డబ్బు ఎటు పోతోందో తెలుసుకోవడానికి ఇంకొంత డబ్బు పోయడం తెలివితక్కువ పని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఐటీ ఆర్థిక నిర్వహణ, అంటే కంప్యూటర్ల మీద పెట్టే ఖర్చు లెక్కచూసే శాస్త్రం ఒకటుందని పాపం వాళ్లకు తెలియదు. ఆ శాస్త్రం పుణ్యమా అని వర్ధిల్లిన సంస్థల్లో పెద్దది గార్ట్‌నర్. ఊరు అమెరికాలోని స్టామ్‌ఫర్డ్, పుట్టింది 1979లో. నివేదికలు, సలహాలు, సదస్సులు అమ్మి 2024లో 600 కోట్ల డాలర్లకు పైగా రాబడి చూపించింది.

స్థాపించిన గిడియన్ గార్ట్‌నర్ అంతకు ముందు వాల్ స్ట్రీట్‌లో ఐబీఎం మీద ఓ కన్నేసి ఉంచి, ఆ కంపెనీ ఏం చేయబోతోందో మదుపుదారులకు చెప్పేవాడు. అదే కబురు కంప్యూటర్లు కొనేవాళ్లకూ అమ్మొచ్చని ఆయనకు తట్టింది. 1988లో ఈ సంస్థను సాచి అండ్ సాచి కొనుక్కుంది. అది ప్రకటనల కంపెనీ. నిష్పాక్షిక పరిశోధన మీద ప్రకటనల కంపెనీకి అంత మక్కువ ఎందుకు కలిగిందో మనం తవ్వనక్కర్లేదు, ఆ కాపురం ఎక్కువ కాలం సాగలేదు.

1987లో ఈ సంస్థ మానవాళికి టీసీఓ అనే లెక్క ప్రసాదించింది. టోటల్ కాస్ట్ ఆఫ్ ఓనర్‌షిప్ అన్నమాట. అప్పటిదాకా జనం కంప్యూటరు ఖరీదంటే బిల్లు మీదున్న అంకె అనుకునేవారు. బాగుచేసే కుర్రాడి జీతం, నేర్పించే మాస్టారి ఫీజు, సిస్టమ్ ఆగిపోయినప్పుడు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నవాళ్ల జీతం, పక్క సీటాయన తన పని మానేసి వచ్చి ‘ఓసారి రీస్టార్ట్ చేసి చూడు’ అని చెప్పే ఉచిత సలహా ఖరీదు, ఇవన్నీ కలపాలని టీసీఓ నేర్పింది. ఉద్యోగి తెర మీద బొమ్మ మార్చుకుంటూ, ఫాంట్లు సరిచూసుకుంటూ గడిపే సమయానికి కూడా ఖాతా తెరిచారు. నిజానికి ఇది తెలివైన లెక్కే, వెక్కిరించడానికి మనసు రాదు. దాన్ని చదివిన ఫైనాన్స్ శాఖలు చేసిన పని వేరు. కనబడే ఖర్చు తగ్గించాలని బాగుచేసే కుర్రాణ్ణి తీసేశారు. దాంతో పక్క సీటాయన సలహాలు పెరిగాయి. అది కనబడని ఖర్చు కాబట్టి ఆదా జరిగినట్టే.

అదే 1987లో రాబర్ట్ సోలో అనే ఆర్థికవేత్త, కంప్యూటర్ యుగం అన్నిచోట్లా కనబడుతోంది గానీ ఉత్పాదకత గణాంకాల్లో మాత్రం కనబడటం లేదని రాశాడు. ఆ ఏడాదే ఆయనకు నోబెల్ కూడా వచ్చింది (ఈ మాటకు కాదు లెండి, ఎప్పుడో చేసిన పనికి). ఖర్చు ఎంతో లెక్క కట్టే పద్ధతీ, లాభం ఎక్కడుందన్న అనుమానమూ ఒకే ఏడాది పుట్టాయి. మొదటిదానికి బేరం కుదిరింది. రెండోదాన్ని కొనే నాథుడు దొరకలేదు.

ఆ తర్వాత వచ్చినవి బెంచ్‌మార్కులు. మీ రంగంలోని కంపెనీలు ఆదాయంలో ఎంత శాతం ఐటీకి పెడుతున్నాయో చెప్పే పట్టికలు. సగటు కంటే తక్కువ పెట్టే కంపెనీలో ఐటీ అధికారి ఆ పట్టిక పట్టుకెళ్లి ‘మనం వెనకబడిపోయాం సార్’ అంటాడు. సగటు కంటే ఎక్కువ పెట్టే కంపెనీలో ఫైనాన్స్ అధికారి అదే పట్టిక పట్టుకెళ్లి ‘మనం తగలేస్తున్నాం సార్’ అంటాడు. ఇద్దరూ గెలుస్తారు, రెండు కంపెనీలూ సగటుకు చేరతాయి. వచ్చే ఏడాది పట్టికలో ఆ సగటు మరింత గట్టిపడుతుంది. ఆ శాతం అసలు సరైనదేనా అని అడిగే సాహసం ఎవరూ చేయరు. అందరూ అంతే పెడుతున్నారు కదా!

ఈ రంగంలో నాకు అత్యంత ఇష్టమైన సృష్టి మాత్రం ఫారెస్టర్ అనే మరో పరిశోధన సంస్థ వాళ్లది. సాఫ్ట్‌వేరు అమ్మే కంపెనీ డబ్బు కట్టి, తన సరుకు వల్ల కొన్నవాళ్లకు ఎంత లాభమో అధ్యయనం చేయించుకోవచ్చు. ఎవరు చేయించారో నివేదికలోనే రాస్తారు కాబట్టి మోసం అనడానికి వీల్లేదు. పరిశోధకులు కొందరు ఖాతాదారులతో మాట్లాడి, వాళ్లందరినీ కలిపి ఒక ఊహా సంస్థను తయారు చేస్తారు. ఆ సంస్థ సాఫ్ట్‌వేరు కొంటుంది. మూడేళ్లలో పెట్టుబడి మీద రాబడి ఇంత శాతం, పెట్టిన డబ్బు ఇన్ని నెలల్లో వెనక్కి వచ్చేసిందని లెక్క తేలుతుంది. ఆ సంస్థలో ప్రాజెక్టు మధ్యలో మేనేజరు రాజీనామా చేయడు. పాత డేటా కొత్త సిస్టమ్‌లోకి ఎక్కనని మొరాయించదు. యూనియన్ లేదు, వానాకాలం లేదు. స్టాక్ మార్కెట్లో ఉంటే ఇల్లు తాకట్టు పెట్టయినా ఆ సంస్థ షేర్లు కొనేవాణ్ణి. దురదృష్టవశాత్తు అది లేదు.

ఇక గార్ట్‌నర్ వారి మేజిక్ క్వాడ్రంట్ దగ్గరికి వద్దాం. ఒక చదరం, అందులో నాలుగు గడులు. కుడివైపు పైన లీడర్లు, ఎడమవైపు పైన చాలెంజర్లు, కింద కుడివైపు దార్శనికులు, మిగిలిన మూలలో నిష్ ప్లేయర్లు, అంటే పాపం ఏదో చేసుకుంటున్నవాళ్లు. సాఫ్ట్‌వేరు అమ్మే ప్రతివాడూ ఇందులో ఒక చుక్క. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం వినిపించినట్టే ఉంటుంది. ఆదాయం ఎనిమిదంటే ఎనిమిది ఏమిటని మనం అడిగామా? కుడివైపు పై గడిలో చుక్క పడ్డ కంపెనీ, హక్కులు కొనుక్కుని ఆ నివేదికను ఊరంతా పంచుతుంది. సాఫ్ట్‌వేరు కొనేవాళ్లూ గార్ట్‌నర్ చందాదారులే, అమ్మేవాళ్లూ చందాదారులే. చందాకూ చుక్కకూ సంబంధం లేదని సంస్థ చెబుతుంది, ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్ కూడా ఉన్నారు.

చుక్క నచ్చని కంపెనీలు కోర్టుకెక్కాయి. 2009లో జడ్‌ఎల్ టెక్నాలజీస్, 2014లో నెట్‌స్కౌట్. ఇవి మా అభిప్రాయాలు, భావప్రకటనా స్వేచ్ఛ కింద వీటికి రక్షణ ఉంది అని గార్ట్‌నర్ వాదించింది. రెండుచోట్లా గెలిచింది. నెట్‌స్కౌట్ కేసు కనెక్టికట్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2020లో ముగిసింది. తీర్పు న్యాయమైనదే, అభిప్రాయం చెప్పినందుకు జరిమానా వేస్తే ముందు ఈ కాలమ్ మూతపడాలి. అయితే ఇన్‌వాయిస్‌లో ‘పరిశోధన’ అని రాసిన సరుకు కోర్టు మెట్లెక్కేసరికి ‘అభిప్రాయం’ అయిపోవడం చూసి నాకు కాస్త అసూయ కలిగింది. నా అభిప్రాయాలను అంత ధరకు కొన్నవాళ్లు ఇంతవరకూ లేరు.

భవిష్యత్తు చెప్పడంలోనూ వీరు సాహసులే. 2015 నాటికి స్మార్ట్‌ఫోన్లలో మైక్రోసాఫ్ట్ రెండో స్థానానికి వస్తుందని 2011 ఏప్రిల్‌లో గార్ట్‌నర్ అంచనా వేసింది. వాటా 19.5 శాతం. ఆ పాయింట్ ఐదు చూడండి, గుండెకు ఎంత ధైర్యమో! 2015 వచ్చేసరికి మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ ఒకటి రెండు శాతం దగ్గర కొట్టుమిట్టాడింది. ఆ లెక్క కూడా అదే సంస్థ నివేదికల్లో దొరుకుతుంది.

వైటూకే, అంటే 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలు తప్పుగా లెక్కిస్తాయన్న చిక్కు, సరిచేయడానికి ప్రపంచం మొత్తానికి 30,000 కోట్ల నుంచి 60,000 కోట్ల డాలర్లు అవుతుందన్న అంచనా కూడా వీరిదే. పై అంకెకూ కింది అంకెకూ మధ్య ఇంకో వైటూకే పడుతుంది. కానీ దీన్ని తెలుగువాళ్లు వెక్కిరిస్తే కళ్లు పోతాయి. అలాంటి అంకెలు చూసి భయపడిన అమెరికా కంపెనీల వల్లే అమీర్‌పేటలో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్పే బోర్డులు వెలిశాయి, కోబాల్ నేర్చినవాళ్లు విమానాలెక్కారు, కొన్ని ఇళ్ల మీద రెండో అంతస్తు లేచింది. ఏ నివేదికకూ ఇంతకంటే రాబడి రాలేదని నా అభిప్రాయం. అభిప్రాయం మాత్రమే, కోర్టు వారు గమనించగలరు.

అసలు ఇవన్నీ ఎందుకు కొంటారని అమాయకులు అడుగుతుంటారు. ఐబీఎం కొన్నందుకు ఎవరి ఉద్యోగమూ ఊడలేదని పూర్వం పరిశ్రమలో ఒక మాట ఉండేది. ఇప్పుడున్నది ఐబీఎం ఒక్కటే కాదు, కొనడానికి వందల కంపెనీలున్నాయి. ప్రాజెక్టు మునిగాక బోర్డు ముందు నిలబడ్డ ఐటీ అధికారి చేతిలో ఒక కాగితం ఉండాలి కదా. ‘లీడర్ గడిలో ఉన్నవాణ్ణే పెట్టాం సార్’ అనగలగాలి. ఆ ఒక్క వాక్యానికి ఏటా కట్టే చందా నా లెక్కలో చవకే.

అందుకే ఒక చిన్న ప్రతిపాదన. ప్రతి కంపెనీ ఈ చందాకు కూడా టీసీఓ కట్టాలి. చందా, ఓర్లాండోలో జరిగే సదస్సుకు విమాన చార్జీలు, అక్కడ విన్నది ఇక్కడ స్లైడ్లుగా మార్చే టీమ్, ఆ స్లైడ్లు చూస్తూ కునుకు తీసిన డైరెక్టర్ల గంటల ఖరీదు, అన్నీ కలపాలి. ఇంత సున్నితమైన పని సొంత మనుషులకు అప్పగించలేం కాబట్టి బయటి సలహాదారును పెట్టుకోవాలి. టెండరు ముసాయిదా సిద్ధంగా ఉంది. అర్హత ఒక్కటే: దరఖాస్తుదారు కుడివైపు పై గడిలో ఉండాలి.