జాక్సన్ ఓడించలేకపోయిన గుర్రం

అమెరికా ఏడో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఛాతీలో ఒక తూటా ఉండేది. 1806లో దిగింది, 1845లో ఆయన పోయేదాకా అక్కడే ఉంది. ఏ యుద్ధంలోనో తగిలిందనుకుంటాం గానీ, దాని మూలం ఒక గుర్రప్పందెం.

1805లో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ దగ్గర జాక్సన్ గుర్రం ట్రక్స్‌టన్‌కూ, జోసెఫ్ ఎర్విన్ గుర్రం ప్లవ్‌బాయ్‌కూ 2,000 డాలర్ల పందెం కుదిరింది. ఎర్విన్ పందేనికి ముందే తప్పుకుని, ఒప్పందం ప్రకారం 800 డాలర్లు కట్టాడు. ఆ సొమ్ము కింద ఏ ప్రామిసరీ నోట్లు ఇవ్వాలన్న దగ్గర మాటామాటా పెరిగింది. ఎర్విన్ అల్లుడు చార్ల్స్ డికిన్సన్ జాక్సన్‌ను పిరికిపంద అంటూ పత్రికకెక్కాడు. జాక్సన్ తుపాకులతో ద్వంద్వ యుద్ధానికి సవాలు విసిరాడు. టెనెసీలో అది నేరం కాబట్టి ఇద్దరూ పక్క రాష్ట్రం కెంటకీ వెళ్లారు. మధ్య దూరం 24 అడుగులు. డికిన్సన్ ముందు కాల్చాడు. తూటా గుండె పక్కన దిగినా జాక్సన్ పడిపోలేదు. తాపీగా గురిపెట్టాడు. తుపాకీ గుర్రం (తెలుగులో దాన్నీ గుర్రమే అంటాం మరి!) సగంలో నిలిచిపోతే, మళ్లీ లాగి కాల్చాడు. డికిన్సన్ చనిపోయాడు.

800 డాలర్లకు ఇంత పంతమా? నగదు కరువైన ఆ సరిహద్దు ప్రాంతంలో అప్పు పుట్టేది మాట మీదే. పందెం బాకీ ఎగ్గొట్టాడన్న పేరు పడితే భూముల బేరాలు ఆగిపోతాయి, రాజకీయమూ మూతపడుతుంది. అందుకే జాక్సన్ పందేలను సరదా అని కొట్టిపారేసే జీవితచరిత్రలు నాకు నచ్చవు. విభేదించినవాణ్ని శత్రువుగా చూసే ఆయన రాజకీయంలో ఈ రేసుకోర్సు వాసనే నాకు తగులుతుంది.

అధ్యక్షుడయ్యాకా అలవాటు పోలేదు. వైట్‌హౌస్ గుర్రపుశాలలో పందెం గుర్రాలను పెంచి, భార్య మేనల్లుడి పేరు మీద పరిగెత్తించాడు.

అయితే ఈ పరువు లెక్కలన్నీ యజమానులవే. గుర్రాలను సాకింది, తర్ఫీదిచ్చింది, ప్రాణాలకు తెగించి స్వారీ చేసింది చాలాచోట్ల బానిసలు. జెస్సీ హేనీ అనే యజమానికి మరియా అనే ఆడగుర్రం ఉండేది. దాన్ని ఓడించాలని జాక్సన్ ఏళ్ల తరబడి కొత్త గుర్రాలను తెచ్చి దింపినా కుదరలేదు. జీవితంలో అనుకుని సాధించలేనిది అదొక్కటేనని ముసలితనంలో ఒప్పుకున్నాడని చెబుతారు. మరియా మీద స్వారీ చేసి జాక్సన్‌ను ఓడించినవాడు సైమన్ అనే నల్లజాతి బానిస. జనం పెట్టిన పేరు ‘మంకీ సైమన్’. పందెం సొమ్ము మాత్రం హేనీకి వెళ్లేది.