మొదటి అర్జీని విననందుకే

పనిచేసే చోట గొడవలు సమ్మె నోటీసుతో మొదలుకావు. సెలవు చీటీ దగ్గర, డ్యూటీ చార్టు దగ్గర, నలుగురి ముందు నోరుజారిన ఒక మాట దగ్గర మొదలవుతాయి. చెల్లెలి పెళ్లికని మూడు రోజులు సెలవడిగిన ఒక డ్రైవరు సంగతే తీసుకుందాం. కాగితం పుచ్చుకున్న అధికారి అవుననరు, కాదనరు. అర్జీ సొరుగులోకి వెళుతుంది. మనిషి పెళ్లికి వెళ్లకుండా ఉండలేడు. తిరిగొచ్చేసరికి రిజిస్టరులో గైర్హాజరు, చేతిలో మెమో, దానికి సంజాయిషీ, అది సంతృప్తికరంగా లేదంటూ చార్జిషీటు. అప్పటికి సెలవు ఊసే ఉండదు, ఇద్దరి పంతాలే మిగులుతాయి. ఏ డిపోకు వెళ్లినా, ఏ కర్మాగారం గేటు దగ్గర నిలబడినా ఇలాంటి కథలు వినిపిస్తాయి.

తెలంగాణ ఆర్టీసీలో 2019 అక్టోబరు 5న, దసరా రద్దీ వేళ మొదలై 52 రోజులు సాగిన సమ్మెకు ప్రభుత్వంలో విలీనం, వేతన సవరణ ప్రధాన డిమాండ్లన్నది నిజమే. కానీ దాదాపు 48 వేల మంది ఒక్కసారిగా స్టీరింగులు, టికెట్ యంత్రాలు వదిలి బయటికి రావడానికి ఆ డిమాండ్లతోపాటు డిపోల్లో ఏళ్లుగా పేరుకున్న అసంతృప్తీ కారణమేనన్నది మా అభిప్రాయం. విధుల్లో చేరనివారు తమను తామే తొలగించుకున్నట్లేనని ప్రభుత్వం ప్రకటించింది, చర్చలకు దారి మూసుకుపోయింది, కొందరు కార్మికుల ప్రాణాలు పోయాయి, వివాదం హైకోర్టుకెక్కింది. నవంబరు 25న కార్మికులు సమ్మె విరమించాకే ప్రభుత్వం మెత్తబడింది. ఆ తర్వాత డిపోల్లో సంక్షేమ మండళ్లు ఏర్పాటు చేశారు. కష్టసుఖాలను డిపోలోనే వినాలన్న ఆలోచన మంచిదే. దాన్ని యూనియన్లకు బదులుగా నిలబెట్టాలనుకోవడమే పొరపాటు.

నిజానికి తగవును పుట్టినచోటే తీర్చాలని చట్టం ఏనాడో చెప్పింది. వంద మంది, అంతకు మించి పనిచేసేచోట ఉభయపక్షాల ప్రతినిధులతో వర్క్స్ కమిటీ ఉండాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే నిర్దేశించింది. ఇరవై మంది ఉన్నా ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండి తీరాలని 2010 సవరణ తెచ్చారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చినట్లు కేంద్రం ప్రకటించిన పారిశ్రామిక సంబంధాల కోడ్ (ఆ పాత చట్టం స్థానంలో వచ్చిన కొత్త చట్టం) కూడా ఇదే కొనసాగిస్తూ, ఫిర్యాదును తేల్చాల్సిన గడువును 45 రోజుల నుంచి 30కి తగ్గించింది. ఆ కమిటీలో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో కూర్చోవాలి, అధ్యక్షస్థానం ఏడాదికొకరు చొప్పున మారాలి, కార్మిక ప్రతినిధుల్లో సగానికి పైగా ఒప్పుకోనిదే తీర్పు తీర్పు కాదు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? ఆచరణలో మాత్రం ఫిర్యాదు ఎవరి మీదో ఆ అధికారి టేబుల్ మీదికే మొదట చేరుతోంది. కమిటీ పేర్లు గోడకు అంటించి, సమావేశం ఊసెత్తని సంస్థలకు కొదవలేదు.

కోడ్‌లోనూ లోపాలున్నాయి. కమిటీ తేల్చకపోతే, లేదా తేల్చింది నచ్చకపోతే 60 రోజుల్లో రాజీ అధికారిని ఆశ్రయించవచ్చుగానీ, అది తాను సభ్యుడైన కార్మిక సంఘం ద్వారానే జరగాలి. సంఘమే లేని ప్రైవేటు ఆస్పత్రి నర్సు, గోదాము కూలీ ఏ గుమ్మం తొక్కాలి? నెలకు 18 వేల రూపాయలు మించి జీతం తీసుకునే సూపర్‌వైజరు ఆ చట్టం దృష్టిలో కార్మికుడే కాదు. పైనుంచి మేనేజరు, కిందినుంచి కూలీలు నిలదీసే ఆ మనిషి గోడు వినేవారే లేరు.

రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలు చేయగలిగింది చాలానే ఉంది. తనిఖీకి వెళ్లిన అధికారి జీతాల రిజిస్టరుతోపాటు కమిటీ మినిట్స్ పుస్తకాన్నీ అడిగి చూడాలి. ఏడాదిలో ఒక్క ఫిర్యాదూ రాలేదని రాసి ఉంటే సంతోషించకుండా కార్మికులను విడిగా పిలిచి ఎందుకు రాలేదో విచారించాలి. అర్జీ అందుకున్న ప్రతిసారీ తేదీ, సంతకంతో రసీదు ఇచ్చే నిబంధన రాష్ట్రాల నియమాల్లో చేర్చాలి. ఎవరిపై ఫిర్యాదు వచ్చిందో వారు ఆ విచారణలో కూర్చోకూడదని కూడా అందులోనే స్పష్టంగా రాయాలి.