గంజి వార్చని ఇంట్లో తరవాణి ఎక్కణ్నుంచి వస్తుంది?

ఎండలు ముదిరేసరికి చద్దన్నం మళ్లీ తెరమీదికి వస్తుంది. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడువేసి, పొద్దున ఉల్లిపాయ ముక్కతో చిన్న కుండలో పెట్టి, ఇదే తాతలనాటి తిండి అంటున్నారు. మంచి తిండే, కాదనం. కానీ గోదావరి డెల్టాలో వేసవి పొద్దుటి తిండి అంటే తరవాణి అన్నం. కొన్ని ఊళ్లలో కలి అంటారు. అందులో పాల పని లేదు. తరవాణి అంటే కుండలో పులియబెట్టిన గంజి. అందుకే పాడి లేని ఇంట్లోనూ ఆ కుండ ఉండేది.

జనం రుచి మారి తరవాణి పోయిందనుకోవడం పొరపాటు. ఇంట్లో గంజి వార్చడం మానేశాక పోయింది. కుక్కర్ వచ్చి రోజూ అత్తెసరే అయింది. పోసిన నీళ్లన్నీ అన్నమే పీల్చుకుంటే కుండలో పోయడానికి ఏం మిగులుతుంది? కాబట్టి ఆ తిండి మళ్లీ కావాలనుకునేవాళ్లు ముందు వెతకాల్సింది వంటల పుస్తకం కాదు, గంజి వార్చే సిబ్బి.

నలుగురికి 400 గ్రాముల బియ్యం. దంపుడు బియ్యం అయితే మరీ మంచిది, లేకపోతే ఏడాది పాత బియ్యం. ఏప్రిల్‌లో నూర్చిన దాళ్వా (రెండో పంట) కొత్త బియ్యం ఈ పనికి రాదు. గంజి జిగురుగా దిగుతుంది, అన్నం ముద్దవుతుంది, కుండలో ఆ ముద్ద అడుగున పేరుకుంటుంది. రెండున్నర లీటర్ల నీళ్లు ఎసరు పెట్టి, మెతుకు లోపల చిన్న పలుకు ఉండగానే వార్చాలి. లీటరున్నర దాకా గంజి వస్తుంది.

కుండ మెరుగు పూయని మట్టిది, అయిదు లీటర్లు పట్టేది కావాలి. రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, ఒకసారి అందులోనే గంజి కాచి పారబోస్తే మట్టివాసన పోతుంది. చల్లారిన గంజి, రెండోసారి బియ్యం కడిగిన నీళ్లు అరలీటరు, గుప్పెడు అన్నం, చెంచాడు ఉప్పు వేసి, పల్చటి గుడ్డ కట్టి కుదురు మీద పెట్టాలి. రెండు దబ్బాకులు చించి వేస్తే చాలు. ఎక్కువ వేస్తే చేదు దిగుతుంది. రెండో రోజుకు చిన్న బుడగలు, మూడో రోజుకు పుల్లమజ్జిగ వాసన వస్తాయి. అక్కణ్నుంచి రోజూ ఎంత తీస్తే అంత కొత్త గంజి పోయడమే.

చాలామంది చెడగొట్టేది ఇక్కడే. వేడి గంజి పోస్తారు. పులుపు పుట్టించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, మర్నాటికి కుండ కంపు కొడుతుంది. గంజిలో వేలు పెడితే వేడి తెలియకూడదు. ఇంకో సంగతి, తడిసిన కుండ చల్లగా ఉంటుంది కదా అన్న ధీమా డెల్టాలో పనికిరాదు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కుండ గోడ మీద నీరు త్వరగా ఆరదు, చల్లదనం అంతగా రాదు. కాబట్టి ఇక్కడ పులుపు తొందరగా ముదురుతుంది. మే నెలలో కుండను తడి ఇసుక మీద, గాలి ఆడే చోట ఉంచి, రోజుకు సగమైనా తీసి వాడాలి. పైన పల్చటి తెల్లపొర కడితే తీసేసి, గంజి మార్చే వేగం పెంచాలి. నలుపు, గులాబీ, ఆకుపచ్చ బూజు కనిపించినా, గంజి తీగలు సాగినా, మొత్తం పారబోయడమే. కక్కుర్తి పడకూడదు.

రాత్రి అన్నాన్ని గంటలోపు చల్లార్చి, మునిగేలా తరవాణి పోయాలి. గంటల తరబడి అన్నాన్ని బయట ఉత్తినే వదిలేసి, పడుకునేముందు తరవాణిలో వేయడం ప్రమాదం. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి వండిన అన్నంలో పెరుగుతుంది. దాని విషాల్లో వాంతులు తెప్పించేది మళ్లీ వేడి చేసినా పోదు. పుల్లటి నీళ్లలో ముందే మునిగిన అన్నంలో దానికి ఎదిగే వీలు తక్కువ. కుండ పులిసిందో లేదో చూసుకోకుండా అన్నం వేయకూడదనేది అందుకే.

నంజుడు సంగతి. ఆవకాయ ఎలాగూ ఉంటుంది. కానీ తరవాణే పుల్లన కాబట్టి పక్కన కొబ్బరి మామిడికాయ పచ్చడి మాకు ఇంకా నచ్చుతుంది. కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడికాయ అయితే పులుపు తక్కువ, ముక్క కరకరలాడుతుంది. తురిమిన పచ్చికొబ్బరి రెండు వంతులకు మామిడి తురుము ఒక వంతు. నువ్వుల నూనెలో మినప్పప్పు, ఆవాలు, ఆరు ఎండుమిరపకాయలు, ఇంగువ వేయించి, ముందు ఆ పోపునే కచ్చాపచ్చాగా దంచాలి. తరవాత మామిడి, చివర కొబ్బరి. మిక్సీ అయితే కొబ్బరి వేశాక రెండు తిప్పులే. ఎక్కువ తిప్పితే వేడెక్కి నూనె విడిపోయి జిడ్డు తేలుతుంది. నీళ్లు వేయొద్దు, సాయంత్రానికి మిగల్చొద్దు. దోసకాయ ముక్కలు కలిపేటట్టయితే కాయ కోయగానే గింజ దగ్గర ముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుకాయ ఒక్కటి పడితే గిన్నెడు పచ్చడీ పోతుంది.

పాతది అంటే ఎంత పాతది అనే ప్రశ్న కూడా ఉంది. మిరపకాయ మన నేలకు 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లతో వచ్చింది. అంతకుముందు రుచి చూడాలంటే ఎండుమిరప తీసేసి, పది మిరియాలు, అంగుళం అల్లం వేయండి. కారం నాలుక మీద కాక గొంతులో తెలుస్తుంది, పులిసిన గంజికి అది చక్కగా అతుకుతుంది. ఇక పెరటి నీళ్ల సంగతి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1847–52 మధ్య కట్టినది. దాని తరవాత కూడా వేసవిలో మరమ్మతులకని కాలువలకు నీళ్లు ఆపేసేవారు, కాబట్టి పెరటికి నూతినీళ్లే ఆధారం. పెరట్లో మునగ, దబ్బ, కరివేపాకు, నూతినీళ్లతో నాలుగు దోసపాదులు. ఈ పూట తిండికి అంతకుమించి పెరడు అక్కర్లేదు.

పొద్దున పళ్లెంలో అన్నాన్ని చేత్తో పిసికి, ఉప్పు సరిచూసి, పచ్చి ఉల్లిపాయ చిదిమి కలుపుకోవాలి. మిగిలిన తేటను గ్లాసులో పోసుకుని తాగాలి. వారానికొకసారి కుండ ఖాళీ చేసి, సబ్బు ముట్టకుండా పీచుతో తోమి, ఎండబెట్టి, దాచిపెట్టిన రెండు గరిటెల పాత తరవాణితో మళ్లీ మొదలుపెట్టాలి. జూన్‌లో తొలకరి పడ్డాక కుండ ఆరదు, బూజు ఆగదు. అప్పుడు కడిగి, బాగా ఎండబెట్టి, అటక మీద బోర్లించడమే.