పేరు పెట్టి ప్రార్థన చేద్దాం

నవంబర్ మొదట్లో ఒక ఆదివారం చాలా దేశాల్లో చర్చిలు విశ్వాసం కోసం హింస పడుతున్న క్రైస్తవుల గురించి ప్రత్యేకంగా ప్రార్థన చేస్తాయి, 1996 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. ఇక్కడ అమెరికాలో మన తెలుగు చర్చి సంఘాల్లో కూడా చేస్తారు, కాదనను, కానీ ఎలా అంటే "ప్రభువా, లోకమంతటా శ్రమల్లో ఉన్న నీ బిడ్డల్ని జ్ఞాపకం చేసుకో" అని ఒక్క ముక్క, వెంటనే వీసాలు, ఉద్యోగాలు, పిల్లల ఎగ్జామ్స్. ఆ ఒక్క ముక్క చాలదు. ఎవరి కోసం అడుగుతున్నామో తెలిసి, పేరు పెట్టి అడగాలి అనేది నా గట్టి నమ్మకం.

మాది జమ్మలమడుగు పక్క పల్లె, లండన్ మిషన్ వాళ్ల క్యాంప్‌బెల్ ఆస్పత్రికి కులం మతం చూడకుండా అందరూ పోయే ప్రాంతం. మా జేజికి చదువు రాదు, కానీ రాత్రి ప్రార్థనకి కూర్చుంటే వీధిలో మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టేది, కాలు విరిగిన పెద్దాయన, కానుపుకొచ్చిన కోడలు, కువైట్‌లో సేటు పాస్‌పోర్టు లాక్కున్న పిల్లోడు, అందరివీ పేర్లే. మాకు నిద్ర వచ్చి తొందరగా ముగించమంటే "పేరు చెప్పి అడగల్ల నాయనా, ఊరికే అందర్నీ చూడు సామీ అంటే ఎట్ల" అనేది.

కువైట్ మాట వచ్చింది కాబట్టి చెప్తా. రాజంపేట, రాయచోటి పక్క ఏ ఊరికి పోయినా గల్ఫ్‌కి పోయిన మనిషి లేని వీధి దొరకడం కష్టం. సరిగ్గా అలాంటి వాళ్లే 2015 ఫిబ్రవరిలో లిబియా సముద్రం ఒడ్డున ఐసిస్ చంపిన ఆ 21 మంది. వాళ్లలో 20 మంది ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవులు, అంటే అక్కడి ప్రాచీన చర్చి వాళ్లు, ఎక్కువ మంది మిన్యా ప్రాంతంలో అల్ ఊర్ అనే ఒకే పల్లె, ఇంట్లో గడవక బిల్డింగ్ పనులకి పోయినోళ్లు. ఒకతను మాత్రం ఘనా దేశం, పేరు మాథ్యూ. నారింజ రంగు బట్టలేసి మోకాళ్ల మీద కూర్చోబెట్టిన ఆ వీడియో మనలో చాలామంది చూసి ఫార్వర్డ్ చేశాం, వాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? శరీరాలు ఊరికి చేరింది 2018లో, అంటే మూడేళ్లు ఆ తల్లులు, భార్యలు ఎదురుచూశారు. వాళ్లు క్యాథలిక్కులు కాకపోయినా 2023లో పోప్ ఫ్రాన్సిస్ వాళ్లని క్యాథలిక్ హతసాక్షుల, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్ల జాబితాలో చేర్చారు.

ఆసియా బీబీ సంగతి అయితే మన సీమ వాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. పాకిస్తాన్ పంజాబ్‌లో పండ్లు కోసే కూలికి పోయింది, 2009 జూన్, ఎండ, అందరికీ నీళ్లు తెచ్చి తనూ ఒక గ్లాసు తాగింది, నువ్వు క్రైస్తవురాలివి, నువ్వు ముట్టుకున్న గ్లాసు మేం ముట్టుకోం అని పక్క కూలీలు గొడవ. అనంతపురం పక్క శనక్కాయలు పీకే కూలికి పోయిన మన దళిత ఆడోళ్లకి దోసిట్లో పైనుంచి పోసిన నీళ్లు తెలుసు, హోటల్లో వేరే గ్లాసు తెలుసు. ఆ గొడవే దైవదూషణ కేసయింది, 2010లో ఉరిశిక్ష వేశారు, 2018 అక్టోబర్ 31న సుప్రీంకోర్టు నిర్దోషి అని వదిలేదాకా జైల్లోనే ఉంది. ఆమె తరఫున మాట్లాడినందుకు పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ని 2011 జనవరిలో సొంత బాడీగార్డే కాల్చేశాడు, రెండు నెలలకి షాబాజ్ భట్టీ అనే క్రైస్తవ మంత్రిని చంపారు. తసీర్ ముస్లిం, కేసు వాదించిన సైఫుల్ మలూక్ ముస్లిం, వదిలేసిన జడ్జిలూ ముస్లింలే. హింస గురించి ప్రార్థన అని మొదలుపెట్టి ఒక మతాన్ని మొత్తం తిట్టే కూటాలు నేను చూశా, అది నాకు అస్సలు నచ్చదు, హింసించేవాళ్ల కోసం కూడా ప్రార్థన చేయమని యేసు ప్రభువు చెప్పిన మాట మనకుంది. అయినా ఉగాది రోజు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చే జిల్లా మనది, మనమే అలా మాట్లాడితే ఎలా?

నైజీరియాలో లేయా షరీబు అనే అమ్మాయి ఉంది. 2018 ఫిబ్రవరిలో దాప్చి ఊరి స్కూల్ నుంచి తీవ్రవాదులు ఎత్తుకుపోయినప్పుడు 14 ఏళ్లు, బతికున్న మిగతా పిల్లల్ని నెలకి వదిలేశారు, క్రీస్తుని వదలను అన్నందుకు ఈ పిల్లని ఉంచేసుకున్నారు. ఈ పేరు మీ ఇంట్లో పిల్లలకి చెప్పండి, ఎత్తుకుపోయిన రోజు వాళ్ల వయసు పిల్లే కాబట్టి వాళ్లే అడుగుతారు.

మన దేశంలో ఒడిశాలో కంధమాల్ జిల్లా ఉంది. 2008లో అక్కడ విశ్వ హిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య, అది ఘోరమే, దాని తర్వాత క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో 50 వేల మందికి పైగా ఇళ్లు వదిలి అడవుల్లో, శిబిరాల్లో బతికారు. ఇది అందరి పత్రిక, హిందూ సోదరులు చదువుతున్నారని తెలిసే రాస్తున్నా, మీరు కూడా మీ ఇంట్లో దీపం దగ్గర ఒక పేరు తలుచుకుంటే నాకు సంతోషం.

ఇక సాయం. గాయపడిన పాస్టర్ ఫోటో, ఊరి పేరు, ఫోన్ నంబర్ అన్నీ కలిపి వాట్సాప్‌లో తిప్పకండి, దాడి చేసినవాళ్లకి అడ్రస్ ఇచ్చినట్టే. డబ్బు విషయంలో ఇంకా జాగ్రత్త. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇండియాలో చర్చికి పంపితే అది ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద విదేశీ విరాళం, ఆ సంస్థకి అనుమతి ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్ ఖాతాకే రావాలి, 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఇంకో సంస్థకి ఇవ్వడానికి కూడా లేదు. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఈ లెక్కలోకి రాదు. మనం ప్రేమతో పంపింది అక్కడ పాస్టర్ అయ్యగారి మీద కొత్త కేసు కాకూడదు కదా. దాడి జరిగిన వారం అందరూ పంపుతారు, రెండేళ్ల తర్వాత వాయిదాకి పోవడానికి బస్సు చార్జీ ఉండదు, వకీలుకి ఇవ్వడానికి ఉండదు, జైల్లో ఉన్న మనిషి బిడ్డకి స్కూల్ ఫీజు ఉండదు. వాయిదా ఎప్పుడో అడిగి రాసిపెట్టుకోండి, ఆ ముందు రోజు ఫోన్ చేయండి, కేసు తేలేదాకా చేస్తూనే ఉండండి.